అవునన్నవాడి వకీలు

సిరోంచ కోర్టు ఆవరణలో వాసుదేవ్‌ను కుంటి వకీలు అంటారు. ఎదుట అనరు, కర్ర చప్పుడు కాస్త దూరం పోయాక అంటారు. పసితనంలో వచ్చిన పోలియోకు ఆయన ఎడమకాలు చచ్చుబడింది. చంకలో కర్ర లేనిదే నాలుగడుగులు పడవు. తండ్రి దత్తయ్యకు బజారులో బట్టల దుకాణం. కొడుకును గల్లా ముందు కూర్చోబెడితే లేచి తిరగాల్సిన అవసరం లేకుండా వాడి బతుకు వెళ్లిపోతుందని ఆయన అనుకున్నాడు. వాసుదేవ్ ఒప్పుకోలేదు. చంద్రపూర్‌లో లా చదివి నల్లకోటుతో తిరిగి వచ్చాడు.

కోటు వచ్చింది గాని కేసులు రాలేదు. గట్టు తగాదాలు, ఆస్తి పంపకాలు పేరున్న వకీళ్ల దగ్గరికి పోయేవి. వాసుదేవ్ గుమ్మం ఎక్కేవాళ్లు వేరు. వికలాంగుడినని కాగితం రాసివ్వమంటూ ఆసుపత్రి చుట్టూ తిరిగి చెప్పులరిగినవాళ్లు, కళ్లు లేవన్న సాకుతో అన్నదమ్ములు పొలంలో వాటా ఎగ్గొట్టినవాళ్లు, చెవులు వినపడని పిల్లను బడిలో చేర్చుకోలేదని వచ్చిన తల్లులు. కుంటోళ్ల గోస కుంటాయనకే ఎరుక అని ఎవడో నవ్వులాటకు అన్న మాట బామ్ని దాకా, అటు అడవిలోని గోండు గూడేల దాకా పాకింది. మొదట్లో ఆ మాట ఆయనకు ముల్లులా గుచ్చుకునేది. నలుగురు వకీళ్లలో ఒక వకీలు కావాలని చదివాడు గాని తనలాంటివాళ్లనందరినీ ఒక మూలకు చేర్చుకుని కూర్చోవడానికి కాదు. అయినా గుమ్మం ఎక్కినవాళ్లను పొమ్మనడానికి నోరు రాలేదు. తాలూకా న్యాయసేవా సమితిలో ఉచిత వకీలుగా పేరిచ్చాడు. చాలామంది పేరిచ్చి మరచిపోయే పని అది. ఈయన దాన్నే పట్టుకుని కూర్చున్నాడు. ఇల్లు మాత్రం తండ్రి దుకాణం మీదే నడిచింది.

అలా నడుస్తున్న బతుకులోకి ఇప్పరేవు ముత్తక్క వచ్చింది.

బామ్ని అవతల, ప్రాణహిత నది ఒడ్డున ఉండే చిన్న పల్లె ఇప్పరేవు. వరికోతలు ముగిసిన రోజుల్లో అక్కడ ఒక కల్లంలో గడ్డివాము అంటుకుని కావలి పడుకున్న మనిషి కాలి చనిపోయాడు. చుట్టుపక్కల అందరికీ తెలిసిన విషయమే. ముత్తక్క కొడుకు ఈరయ్యను పోలీసులు పట్టుకుపోయారని కూడా వాసుదేవ్ విన్నాడు. ఈరయ్య ఎవరో, ఎలాంటివాడో మాత్రం ముత్తక్క నోట వినేదాకా తెలియదు.

ముప్పై ఏళ్ల మనిషి, ఎద్దులాంటి ఒళ్లు. లోపల అయిదేళ్ల పిల్లవాడు. పుట్టినప్పుడు ఏడవలేదట, మంత్రసాని కాళ్లు పట్టి తలకిందులు చేసి కొడితే ఎప్పటికో మూలిగాడట. మాటలు ఆలస్యంగా వచ్చాయి, వచ్చినవి కూడా పిడికెడే. వాటిలో వాడికి అన్నిటికంటే ఇష్టమైన మాట 'అవు'. ఎవరేమడిగినా అవు అంటే ఎదుటివాళ్లు సంతోషిస్తారని వాడు ఎప్పుడో కనిపెట్టాడు. ఊళ్లో కుర్రకారుకు అదొక కాలక్షేపం. నీకు పెండ్లయిందారా ఈరిగా అంటే అవు అనేవాడు. నువ్వు సర్పంచువా అంటే అవు అనేవాడు. అందరూ పడీపడీ నవ్వేవారు, వాడూ నవ్వేవాడు. గడ్డివాము తగలబడిన తెల్లవారి కూడా గుంపులోంచి ఎవరో అలాగే అడిగారు, నువ్వే పెట్టినవారా అగ్గి అని. వాడు అవు అన్నాడు. ఆ రోజు ఎవరూ నవ్వలేదు.

ముత్తక్క ఇదంతా చెబుతున్నంతసేపూ ఏడవలేదు. కొంగు నడుముకు దోపుకుని, పనికి పోతూ మధ్యలో ఆగినదానిలా గోడకు ఆనుకుని నిలబడింది. చివరికి ఒక్క మాట అడిగింది.

"వాడు పొయ్యి కాడికే రాడు వకీలు సాబ్. చిన్నగున్నప్పుడు చెయ్యి కాలింది. అగ్గిపుల్ల గీస్తే ఇంట్లకెల్లి ఉరికేటోడు. గసొంటోడు అగ్గెట్ల పెడ్తడు? ఇది అడిగేటోళ్లే లేరా?"

వాసుదేవ్ కాగితాలు తెప్పించుకుని చదివాడు. పోలీసులు మేజిస్ట్రేటు ముందు పెట్టి వాంగ్మూలం రాయించారు. అది అక్కడి సర్కారు భాష మరాఠీలో ఉంది, చక్కటి మరాఠీ. కావలివాడు నన్ను తిట్టాడు, అది మనసులో పెట్టుకున్నాను, అదను చూసి నిప్పంటించాను, అని వాక్యం వెనుక వాక్యం వరసగా నడిచింది. తెలుగులో కూడా నాలుగు మాటలు కలిపి చెప్పలేని మనిషి మరాఠీలో ఇంత తీరుగా చెప్పాడన్నమాట. ఎవరో అడుగుతూ పోయారు, వాడు అవునంటూ పోయాడు.

జైలు దూరం. బస్సు దిగి ఎండలో చాలాసేపు కర్ర మీద నడిచి వెళ్లి వాసుదేవ్ వాణ్ని కలిశాడు. ఇనుప జాలీకి అవతల కూర్చున్న ఈరయ్య కొత్త మనిషి వచ్చినందుకు సంబరపడుతున్నట్టే ఉన్నాడు. కర్రను చూసి వేలు పెట్టి చూపించాడు. వాసుదేవ్ కేసు మాట ఎత్తలేదు. మీ ఊరి రేవులో పడవ మునిగిందటగా, నువ్వే ముంచావా అని అడిగాడు. అలాంటిదేమీ జరగలేదు. ఈరయ్య మొహం వెలిగిపోయింది.

"అవు," అన్నాడు.

ఆ మాటతో వాసుదేవ్‌కు కేసు మొత్తం అర్థమైంది. తాను చేయవలసింది కూడా స్పష్టంగా కనిపించిందనుకున్నాడు. తన మీద మోపిన నేరమేమిటో, విచారణ అంటే ఏమిటో తెలియని మనిషిని బోనులో నిలబెట్టకూడదని చట్టంలోనే ఉంది. అదే వాదించాడు. డాక్టర్లు పరీక్షించారు. వీడికి విచారణ అర్థం కాదు, తన తరఫున తాను చెప్పుకోలేడు అని రాసిచ్చారు. సెషన్స్ జడ్జి ఒప్పుకున్నాడు. విచారణ నిలిపివేశారు.

సిరోంచలో ఆ వేళ తోటి వకీళ్లు వాసుదేవ్ భుజం తట్టారు. అంతవరకు ఆ మూల తాలూకాలో అలాంటి వాదన ఎవరూ గెలవలేదు. ముత్తక్క మాత్రం కోర్టు మెట్ల కింద నిలబడి, అయితే వాడు ఎప్పుడు ఇంటికి వస్తాడు అని అడిగింది. జామీను అడుగుతున్నాను, వస్తాడవ్వా అని వాసుదేవ్ చెప్పాడు.

జామీను దొరకలేదు. హత్య కేసు. పైగా బయటికి వదిలితే వీడికి పూచీ ఎవరు అని కోర్టు అడిగింది. ముసలి తల్లి ఒక్కతే, అక్కను ఇచ్చిన ఇంటివాళ్లు ముందుకు రాలేదు. ఊరి పెద్దలను అడిగితే తలలు తిప్పుకున్నారు. మళ్లీ అగ్గి పెడితే ఎవరు బాధ్యులు అన్నారు. విచారణకు తగినవాడయ్యేదాకా పిచ్చాసుపత్రిలో ఉంచి వైద్యం చేయించమని ఉత్తర్వు వచ్చింది. ఆసుపత్రివాళ్లు కొన్నాళ్లు ఉంచుకుని, ఇది జబ్బు కాదు, పుట్టుక లోపం, దీనికి మందు లేదు అని వెనక్కి పంపారు. జైలువాళ్లు మాకు పంపితే మేమేం చేయాలని మళ్లీ ఆసుపత్రికి పంపారు. తగినవాడయ్యేదాకా అని కోర్టు అన్నది. ఎప్పటికీ కాడు అని డాక్టర్లు అన్నారు. రెండూ నిజమే. రెండు నిజాల మధ్య ఈరయ్య ఇరుక్కుపోయాడు. నేరం రుజువైనవాడికైనా శిక్ష ఇంత అని ఒక అంతు ఉంటుంది. వీడికి అది కూడా లేదు.

మరుసటి వానాకాలంలో ఒక ఆడమనిషి తడిసిన గొడుగు గుమ్మం దగ్గర ఆనించి లోపలికి వచ్చింది. గంగక్క అని చెప్పుకుంది. కల్లంలో కాలి చనిపోయిన మనిషికి భార్య. వాసుదేవ్ కుర్చీలోంచి లేవబోయాడు. ఈమె తిట్టడానికి వచ్చిందనే ఆయన అనుకున్నాడు. ఆమె కూర్చోమని చేత్తోనే సైగ చేసింది.

తన భర్త ఆ రాత్రి తాగి ఉన్నాడని, గడ్డిలో పడుకుని బీడీ కాల్చడం ఆయనకు అలవాటని, అంతకుముందు కూడా ఒకసారి దుప్పటి అంటుకుంటే తానే ఆర్పిందని చెప్పింది. ఆ రోజు పొద్దుగూకాక అన్నం పెట్టడానికి తాను కల్లానికి వెళ్లినప్పుడు కూడా ఆయన నోట్లో బీడీ ఉంది.

"ఇది పోలీసోళ్లకు చెప్పినవా గంగక్కా?" అన్నాడు వాసుదేవ్.

"మొదటి దినమే చెప్పిన సారూ. నీ మొగన్ని తాగుబోతని నువ్వే రాయించుకుంటవా, మానం పోదా అన్నరు. రాసుకోలే. ఈరిగాడు లోపలున్నంత కాలం నాకు అన్నం సయిస్తలేదు. నన్ను కోర్టుల నిలబెట్టు, నేను చెప్త."

వాసుదేవ్ తల అడ్డంగా ఊపాడు. ఆమెను నిలబెట్టడానికి కోర్టు లేదు. విచారణ ఉంటేనే సాక్షి. విచారణను ఆపించింది తానే. ఆ మాట ఆమెకు అర్థమయ్యేలా చెప్పడానికి ఆయన రెండు మూడు విధాలుగా ప్రయత్నించాడు. చివరికి ఆమెకు అర్థమైంది. అర్థమయ్యాక ఆయన వంక చూసిన చూపులో కోపం లేదు. కోపమైనా బాగుండేదని ఆయనకు అనిపించింది.

ఇంటికి పోయి తండ్రితో చెప్పాడు. దత్తయ్య అప్పటికి దుకాణం చిన్న కొడుకుకు అప్పగించి ఇంటిపట్టునే ఉంటున్నాడు. వినీ వినీ మెల్లగా అన్నాడు.

"ఉరితాడు తప్పించినవ్ రా వాసూ. తప్పించి సంచిల గట్టి మూతి కుట్టినవ్. ఇగ కుట్టినోనివి నువ్వే విప్పాలె."

కుట్టడం కన్నా విప్పడం కష్టం. ఒకప్పుడు ఈ మనిషి విచారణకు తగడు అని వాదించిన నోటితోనే ఇప్పుడు తగిన సాయం ఇస్తే తగినవాడే అని వాదించాలి. వికలాంగుల హక్కుల చట్టం కొత్తగా వచ్చింది. తోడు మనిషిని ఇచ్చి, తెలిసిన భాషలో చిన్న మాటల్లో చెప్పించాలని అందులో ఉంది. వాసుదేవ్ దాన్ని పట్టుకుని సెషన్స్ కోర్టుకు వెళ్లాడు. మీరే కదా ముందు అలా అన్నారు అని కొత్త జడ్జి అడిగాడు. అవును, నేనే అన్నాను అని వాసుదేవ్ ఒప్పుకున్నాడు. కోర్టులో ఎవరో నవ్వారు. అర్జీ కొట్టేశారు. నాగపూర్ హైకోర్టుకు వెళ్లాడు. రోడ్డు బాగోలేక బస్సు కుదిపిన కుదుపుకు చంకలో కర్ర ఒరుసుకుని పుండు పడింది. అది మాని మళ్లీ పడేది. అక్కడ వాయిదా, తిరిగి రావడం, మళ్లీ వాయిదా. ఈలోపు కరోనా వచ్చి కోర్టులు మూతపడ్డాయి. జైలు ములాఖత్‌లు ఆపేశారు. కొడుకును చూడటానికి వెళ్లిన ముత్తక్కను గేటు దగ్గరే తిప్పి పంపారు.

ఆమె మళ్లీ కొడుకును చూడలేదు. ప్రాణహిత పొంగి పొలాలు మునిగిన ఏడాది జ్వరం పట్టుకుని పోయింది. కొరివి పెట్టడానికి కొడుకును పంపమని వాసుదేవ్ అర్జీ పెట్టాడు. దాని మీద ఉత్తర్వు వచ్చేసరికి దినాలు కూడా అయిపోయాయి.

చెప్పవలసిన బాధ్యత తనదేనని వాసుదేవ్ జైలుకు వెళ్లాడు. ఈరయ్య చాలా చిక్కిపోయాడు. వాసుదేవ్ వచ్చిన ప్రతిసారీ చేసినట్టే ఆయన భుజం మీదుగా తలుపు వంక చూశాడు, వెనుక తల్లి వస్తుందేమోనని.

"ఈరయ్యా, మీ అవ్వ సచ్చిపోయింది," అన్నాడు వాసుదేవ్.

ఈరయ్య ఆయన మొహంలోకి చూశాడు. పెదాలు కదిలాయి.

"లే," అన్నాడు.

వాసుదేవ్ నివ్వెరపోయాడు. వాడి నోట లేదు, కాదు అనే మాట వినడం అదే మొదటిసారి. ముందు అది దుఃఖమనుకున్నాడు. తర్వాత కావలి జవాను చెబితే గాని అసలు విషయం తెలియలేదు. బ్యారక్‌లో ఎవరి సబ్బు పోయినా, ఎవరి రొట్టె పోయినా వీణ్నే అడిగేవారు. నువ్వే తీసినవా అంటే అవు అనేవాడు. అన్నందుకల్లా తన్నేవారు. తినీ తినీ, అవు అంటే దెబ్బలు, లే అంటే తక్కువ దెబ్బలు అని నేర్చుకున్నాడు. ఇప్పుడు అన్నిటికీ లే అంటున్నాడు. ఆకలవుతుందా అంటే లే. నీ పేరు ఈరయ్యా అంటే లే.

తల్లి చనిపోయిందన్నది వాడికి తెలిసిందో లేదో వాసుదేవ్‌కు ఎప్పటికీ తేలలేదు. ఆ తర్వాత వెళ్లినప్పుడు కూడా తలుపు వంక చూశాడు. ఆ పైన ఒకసారి వెళ్లేసరికి చూడటం మానేశాడు.

హైకోర్టు చివరికి విచారణ తెరవమంది. తోడు మనిషిగా ఈరయ్య అక్క యాదక్కను కూర్చోబెట్టమంది. యాదక్కను నాగేపల్లిలో ఇచ్చారు. ఇన్నేళ్లలో ఆమె తమ్ముణ్ని చూడటానికి జైలుకు వెళ్లింది ఒక్కసారే. భర్తకు ఇష్టం లేదు, ఆమెకూ ధైర్యం చాలలేదు. కోర్టుకు మాత్రం వచ్చి తమ్ముడి పక్కన కూర్చుంది.

గంగక్క బోనెక్కింది. భర్త తాగుడు, బీడీ, కాలిన దుప్పటి, అన్నీ చెప్పింది. ఇన్నేళ్లూ ఊరుకుని ఇప్పుడు చెబుతున్నావేమని సర్కారీ వకీలు గట్టిగా అడిగాడు.

"నేను ఊకోలేదయ్యా. మొదటి దినమే చెప్పిన. నన్ను అడిగెతందుకు మీకే ఇన్నేండ్లు పట్టింది."

తర్వాత జడ్జి నిందితుణ్ని ప్రశ్నలు అడిగాడు. ఆయన మరాఠీలో అడిగితే యాదక్క చిన్న చిన్న తెలుగు మాటల్లో చెప్పింది. నువ్వు నిప్పు పెట్టావా అన్నదానికి ఈరయ్య లే అన్నాడు. వెనుక బెంచీలో ఎవరో ఊపిరి వదిలారు. వాసుదేవ్ అక్కడితో ఆగి కూర్చుంటే సరిపోయేది. తనకు పనికొచ్చే జవాబే అది. కాని ఆయన కర్ర ఆనించి లేచాడు. ఆ జవాబును లెక్కలోకి తీసుకోవద్దని కోరాడు. ఇతని పేరు, ఇతని తల్లి పేరు కూడా అడగండి అన్నాడు. జడ్జి అడిగాడు. నీ పేరు ఈరయ్యేనా? లే. మీ అమ్మ పేరు ముత్తక్కా? లే. ఈమె మీ అక్కేనా? యాదక్క ఆ ప్రశ్నను తమ్ముడికి చెప్పలేక చెప్పలేక చెప్పింది. ఈరయ్య ఆమె వైపు చూడకుండానే లే అన్నాడు.

ఒకప్పుడు ఇతను అన్నిటికీ అవు అన్నాడు, దాన్ని మీరు నేరం ఒప్పుకోవడమన్నారు, ఈ లే అన్నది ఎంత విలువైనదో ఆ అవు అన్నది కూడా అంతే విలువైనది, అది తీసేస్తే ఈ కేసులో ఇంకేమీ లేదు అని వాసుదేవ్ చెప్పి కూర్చున్నాడు. 

కేసు కొట్టేశారు. తీర్పు పొడుగ్గా ఉంది. మరాఠీలో చదువుతుంటే ఈరయ్య అంతసేపూ రెండు చేతులు ముందు కట్టుకుని నిలబడే ఉన్నాడు. కూర్చోమని ఎవరూ చెప్పలేదు. బయట గంగక్క చెట్టు నీడన నిలబడి ఉంది. దగ్గరికి వచ్చి వాడి గడ్డం పట్టుకుని చూసి, ఏమీ అనకుండా బస్సు స్టాండు వైపు వెళ్లిపోయింది. దత్తయ్య ఈ మాట వినడానికి లేడు. తీర్పుకు ముందటి ఎండాకాలంలోనే పోయాడు.

ఇప్పరేవులో ఈరయ్యకు చోటు లేదు. ముత్తక్క గుడిసె వరదకు కూలిపోయింది. నిలబెడదామంటే ఊరివాళ్లు వద్దన్నారు. కోర్టు వదిలినా మా భయం మాది అన్నారు. యాదక్కే నాగేపల్లికి తీసుకుపోయింది. ఇంటి పక్కన పశువులకు వేసిన సాయమానులో ఒక మంచం వేసింది.

వాసుదేవ్ ఇప్పుడు యాభై దాటాడు. ఆయన గుమ్మం దగ్గర ఇంకా అలాంటివాళ్లే కూర్చుంటారు. మతి సరిగా లేని మనిషి కేసు వస్తే మాత్రం ముందు ఊరికి వెళ్లి పది మందితో మాట్లాడి గాని వాదన ఏమిటో నిర్ణయించడు. కుర్ర వకీళ్లకు కూడా అదే చెబుతాడు, చట్టంలో తలుపు కనపడగానే దూకకండి, అవతల గది ఉందో గోడ ఉందో చూడండి అని. ఎందుకు చెబుతున్నాడో వాళ్లకు తెలుసు గనుక ఎవరూ ఎదురాడరు.

అహేరిలో పని ఉన్నప్పుడల్లా నాగేపల్లిలో దిగుతాడు. ఈ మధ్య ఈరయ్యకు పింఛను సంగతి చూడటానికి, యాదక్కను వాడికి చట్టప్రకారం సంరక్షకురాలిగా రాయించడానికి వెళ్లాడు. ఈరయ్య సాయమానులో మంచం పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు. మనిషి అలికిడి కాగానే లేచి, చేతులు కట్టుకుని వరసలో నిలబడినట్టు నిలబడ్డాడు. జైలులో పొద్దునా సాయంత్రం లెక్కపెట్టేటప్పుడు అలాగే నిలబెట్టేవారట. కూర్చోమని యాదక్క రెండుసార్లు చెబితే గాని కూర్చోలేదు. చెప్పందే వాకిలి దాటడు, చెప్పందే అన్నం ముట్టడు అని ఆమె చెప్పింది. ఎప్పుడైనా నవ్వుతాడా అని వాసుదేవ్ అడిగాడు. లేగదూడ వచ్చి చెయ్యి నాకితే ఒకసారి నవ్వినట్టే అనిపించిందట.

వాసుదేవ్ వాడి పక్కన మంచం మీద కూర్చుని కాసేపు ఉన్నాడు. ఇప్పరేవు పోతావా, నది చూస్తావా అని అడగాలని ఉంది. అడిగితే ఏమంటాడో తెలుసు, ఆ మాటకు అర్థం లేదని కూడా తెలుసు. వాడికి ఏం కావాలో తెలుసుకునే దారి ఇప్పుడెవరికీ లేదు. ఉన్నప్పుడు ముత్తక్క ఒక్కతికే తెలిసేది.

కాగితాల మీద యాదక్కతో సంతకాలు చేయించాడు. ఆమె కలం మూసి ఇస్తూ తలుపు లోపల ఉన్న భర్తకు వినపడకుండా గొంతు తగ్గించింది.

"నా కాలు చెయ్యి ఆడినంత దినాలు చూస్త సారూ. ఆయన ఎంత గులిగినా చూస్త. నా తర్వాత ఎవలు?"

వాసుదేవ్ దగ్గర దానికి చట్టం లేదు. ఆశ్రమాలు ఉన్నాయంటారు. ఆయన వెళ్లి చూసిన రెండింటిలోనూ తలుపులకు బయట గొళ్లాలు ఉన్నాయి. ఆ మాట ఆమెకు చెప్పలేదు. ఇంకా వెతుకుతున్నాను, దొరికితే నేనే వచ్చి చెబుతాను అన్నాడు. ఆమె తల ఊపింది, నమ్మినట్టు కాదు, విన్నట్టు.

సిరోంచ బస్సు వచ్చే వేళయింది. వాసుదేవ్ కర్ర అందుకుని లేచాడు. ఆయన లేవగానే ఈరయ్య కూడా లేచి నిలబడ్డాడు. రోడ్డు దాకా పోయి వెనక్కి చూస్తే ఇంకా అలాగే నిలబడి ఉన్నాడు, యాదక్క భుజం పట్టి కూర్చోబెడుతోంది.